బారీటౌన్‌లో బట్టలు బయటే ఉన్నాయి

కొత్త వానకోటు పనితనం చూద్దామని నోలీన్ గాస్కిల్ సెప్టెంబరులో ఒక బుధవారం పొద్దున సైకిలెక్కి మా వీధి పై కొసనుంచి కిందికి బయల్దేరింది. కోటు మంచిదే. పసుపుపచ్చగా, డేరా గుడ్డంత మందంగా, ముందు హ్యాండిల్ దాకా వెనక సీటు కింది దాకా కప్పేసేంత వెడల్పుగా ఉంది. వీధి సగానికి వచ్చేసరికి గాలి వెనకనుంచి ఆ కోటు కిందికి దూరింది. కోటు ఉబ్బింది. నోలీన్ బ్రేకులు నొక్కింది. బ్రేకులు వాటి పని అవి చేశాయి, కోటు దాని పని అది చేసింది. చివరికి ఆమె క్లారీ గేటు ముందు, ఆ పొద్దునే లారీవాడు దింపిపోయిన బొగ్గు కుప్పలోకి సైకిలుతో సహా వెళ్ళి, నడుము దాకా దిగబడి ఆగింది.

క్లారీ పార పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. జీవితమంతా గనిలో పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గులో మనుషుల్ని చూడటం ఆయనకు కొత్తేం కాదు.

"దెబ్బేమన్నా తగిలిందా తల్లీ?" అన్నాడు.

నోలీన్ నోట్లో పడిన బొగ్గుపొడి ఉమ్మేసింది. "గాలి దక్షిణం నుంచే వస్తోంది," అంది.

"అది చెప్పడానికి నా బొగ్గు పాడుచెయ్యాలా?"

"బొగ్గు పాడవుతుందటయ్యా? నేను పాడయ్యాను గానీ."

ఎదురింట్లోంచి నేనూ పరుగెత్తుకొచ్చి, క్లారీతో కలిసి ఆమెను చెరో చెయ్యి పట్టి బయటికి లాగాం. లాగుతున్నంతసేపూ ఆమె మొహం ఆకాశం వైపే ఉంది. మబ్బులు ఉత్తరానికి జరుగుతున్నాయి. కొండ అంచు కత్తితో కోసినట్టు స్పష్టంగా కనపడుతోంది. "ఇలాంటి గాలి మూడు రోజులు నిలబడితే చాలు," అంది కలలో మాట్లాడినట్టు. నిలబడలేదు. మేం ఆమె మోకాళ్ళకు మందు రాసేలోపే గాలి తిరిగిపోయి చినుకులు మొదలయ్యాయి.

మా ఊరు రునాంగాలో అందరికీ నోలీన్ తెలుసు. బడి బస్సు నడిపింది. ఊళ్ళో ఇప్పుడు మీసాలున్న మగవాళ్ళలో సగంమంది ఆమె చేత "కూర్చోరా వెధవా" అనిపించుకున్నవాళ్ళే. అన్నాళ్ళు ఆ సముద్రపు దారిలో, కొండచరియలు జారే మలుపుల్లో బస్సు నడిపినా ఒక్క పిల్లవాడికి గీత పడలేదు. ఎందుకు పడలేదంటే, ఆమెకు ఏ మాత్రం అనుమానమొచ్చినా బస్సు తియ్యదు. తల్లులు తిట్టేవారు, మాస్టార్లు తిట్టేవారు. ఆమె తాళాలు జేబులో వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చుని అల్లిక అల్లుకునేది.

అదే మనిషి రిటైరయ్యాక, అదే దారిలో సైకిలు యాత్ర చెయ్యాలని పెట్టుకుంది. రునాంగా నుంచి వెస్ట్‌పోర్ట్ దాకా. ఎడమ మోచేతికి సముద్రం, కుడి భుజానికి కొండ. రెంటి మధ్యా తారురోడ్డు. ఆ రోడ్డు మీద ఎప్పుడూ ఏదో ఒకటి పడుతూ ఉంటుంది: ఎక్కువసార్లు వాన, అప్పుడప్పుడు కొండ.

ఆమె లెక్క చాలా తేలికైనది. వాయవ్యం నుంచి గాలి వచ్చిందంటే సముద్రం సగం మబ్బై లేచి వచ్చి మా వెనకున్న కొండకు గుద్దుకుని మా నెత్తిన పడుతుంది. దక్షిణం గాలి వస్తే ఆకాశం కడిగేసినట్టు ఉంటుంది. మనం పోవలసింది ఉత్తరానికి. కనుక దక్షిణం గాలి కోసం ఆగితే ఆకాశానికి ఆకాశం బాగుంటుంది, వీపున చెయ్యేసి తోసేవాళ్ళూ ఉంటారు. "ఒక్క గాలితో రెండు పనులు," అనేది నోలీన్. ఆ గాలి వస్తుంది. సాయంత్రం వస్తుంది, పొద్దున్నే పోతుంది. ఏళ్ళ తరబడి అలాగే వస్తూ పోతూ ఉంది. మేం బయల్దేరలేదు.

బయల్దేరలేదని అనడం కూడా పూర్తిగా నిజం కాదు.

ప్రతి బుధవారం మధ్యాహ్నం నోలీన్ వంటింట్లో బొగ్గు పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. నోలీన్, ఆమె స్నేహితురాలు ఐల్సా టిండేల్, క్లారీ, ఎదురింట్లో ఉంటాను కనుక నేను. బల్ల మీద మ్యాపు పరిచేవాళ్ళం. ఎన్నోసార్లు తడిసి పొయ్యి మీద ఆరిన ఆ మ్యాపు అప్పడంలా లేచిపోతుండేది. ఒక మూల మీద టీ డబ్బా, ఒక మూల మీద ప్లమ్ జామ్ సీసా, ఇంకో మూల మీద ఎప్పుడో ఆగిపోయిన అలారం గడియారం. నాలుగో మూల మీద ఐల్సా మోచెయ్యి. ఇక నోలీన్ వేలు రునాంగా మీద పెట్టేది. బయల్దేరేవాళ్ళం.

సైకిళ్ళు నోలీన్‌కీ ఐల్సాకీ. క్లారీ తన పాత వ్యానులో సామాను వేసుకుని వెనక రావాలి. నాకు సైకిలు రాదు కనుక నన్ను వ్యానులో టీ ఫ్లాస్కు పట్టుకుని కూర్చోమన్నారు. ఊహలో ఐనా ఒక సైకిలివ్వండర్రా అంటే, "పడతావ్," అనేది నోలీన్ సీరియస్‌గా.

వేలు మెల్లగా కదిలేది. రాపహోయ్‌లో హోటల్ కనపడగానే క్లారీకి దాహం వేసేది. నైన్ మైల్ అనే చోట అలల తుంపర మొహానికి తగిలేది. అక్కడ గాలిలో ఉప్పెంత ఉంటుందో, ఏ మలుపులో నీకావ్ తాటిచెట్లు గొడుగులు పట్టుకున్న ముసలమ్మల్లా రోడ్డు మీదికి వంగి ఉంటాయో, ఎక్కడ వెకా పక్షి పొదలోంచి నడిచొచ్చి మన శాండ్‌విచ్‌ని తనదే అన్నట్టు తీసుకుపోతుందో, నోలీన్ ఒక్కొక్కటే చెబుతూ ఉంటే పొయ్యి మీద కెటిల్ సన్నగా ఈలవేసేది. మధ్యలో రేకుల కప్పు మీద వాన దబదబా మొదలయ్యేది. మా ఇళ్ళలో అప్పుడు మాట్లాడినా వినపడదు. నోలీన్ వేలు ఉన్నచోటనే ఆగేది. నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే, టీ కప్పు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయేవాళ్ళం. కిటికీ అద్దం మీద నీళ్ళు జారేవి, ఆ వెనక ఊరు కరిగిపోయినట్టుండేది. వాన తగ్గగానే ఆగిన మాటలో మిగిలిన సగం చెప్పి వేలు ముందుకు సాగేది. చీకటి పడేలోపు వెస్ట్‌పోర్ట్ చేరేవాళ్ళం. కాళ్ళు నిజంగానే నొప్పిపుట్టేవి.

టెన్ మైల్ దాటాక పెద్ద ఎత్తుంది. అక్కడ ఐల్సా దిగి సైకిలు నడిపించుకుంటూ వచ్చేది. ఒక బుధవారం నోలీన్ ఏదో ధ్యాసలో పడి ఆగలేదు. వేలు ఎత్తు ఎక్కేసి అవతలకి సర్రున దిగిపోయింది.

"నన్నక్కడే వదిలేసి పోయావు కదే," అంది ఐల్సా.

"ఎక్కడ వదిలేశానే? నా పక్కనే కూర్చున్నావుగా!"

"ఎత్తు మీద వదిలేశావు. ఒక్కదాన్నే. కనీసం వెనక్కి తిరిగి చూశావా?"

ఆ తర్వాత ఆమె కప్పులో టీ సగం వదిలేసి వెళ్ళిపోయింది. పై బుధవారం రాలేదు. నోలీన్ ఆ రోజు మ్యాపు పరిచి, వేలు వెనక్కి తెచ్చి టెన్ మైల్ ఎత్తు మీద పెట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. మేం ముందుకు పోదామంటే, "ఐల్సా రావాలి," అంది. ఆ మాట క్లారీ వెళ్ళి చెబితే ఐల్సా మళ్ళీ రావడం మొదలుపెట్టింది. రావడమైతే వచ్చింది గానీ మరిచిపోలేదు. ఎత్తు దగ్గరికి వచ్చినప్పుడల్లా నోలీన్ వేలి మీద తన వేలు పెట్టి నొక్కి పట్టుకునేది.

వాతావరణం ముందుగా తెలుసుకోవడం మా తీరంలో అంత సులువు కాదు. రేడియో చెప్పదని కాదు. మనుషులు చెప్పరు. కొండ దాటి అవతలున్న కాంటర్‌బరీ వాళ్ళు తరతరాలుగా మా వానమీద జోకులు వేసీ వేసీ, మావాళ్ళకు ఆ మాటంటేనే పౌరుషం పుట్టింది. వాన అనరు. చిరుజల్లైతే "బాగుంది" అంటారు. కుండపోత ఐతే "కాస్త తేమగా ఉంది" అంటారు. వంతెన కొట్టుకుపోతే "నిన్న కాస్త తేమగా ఉండింది" అంటారు. అంతగా తప్పనిసరైతే, వాన మా ఊళ్ళో కాదు, పక్క ఊళ్ళో పడుతుందంటారు. పక్క ఊరివాళ్ళు మా ఊరి పేరు చెబుతారు.

ఒక ఏడు నోలీన్ పునకైకిలో గదులు అద్దెకిచ్చే ట్రెవ్‌కి ఫోన్ చేసింది. "బంగారంలా ఉంది, వచ్చెయ్యండి," అన్నాడు. ఎందుకైనా మంచిదని క్లారీ వ్యానులో ముందు వెళ్ళి చూస్తే, రోడ్డు మీద సగం కొండ కూర్చుని ఉంది, మీద చెట్లతో సహా. వెనక్కొచ్చి ఫోన్ చేసి అడిగితే, "రోడ్డుకీ ఆకాశానికీ ఏం సంబంధమయ్యా?" అన్నాడట.

అప్పటినుంచి నోలీన్ ఆకాశం గురించి అడగడం మానేసింది. బస్సు నడిపిన రోజుల్లోనే ఆమె ఒకటి గమనించి పెట్టుకుంది. మనిషి నోటితో ఏమైనా అంటుంది గానీ, ఉతికిన బట్టల దగ్గర అబద్ధమాడదు. దండెం మీద బట్టలున్నాయంటే ఆ ఇంటావిడ ఆ రోజును నమ్మిందన్నమాటే. అందుకని మా మొదటి మజిలీ అయిన బారీటౌన్‌కి, రోనా పాస్కో ఇంటికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగేది.

"రోనా, బట్టలు బయటున్నాయా?"

"లోపలే తల్లీ, పొయ్యి దగ్గర."

"సరే అయితే. ఇంకోసారి చూద్దాం."

ప్రతిసారీ రోనా మాకోసం పిండి రొట్టెలో బేకన్, గుడ్లు కూరి కాల్చిన పెద్ద ‘పై’ చేసి సిద్ధంగా ఉంచేది. మేం రాకపోతే అది ఆమె, ఆమె మొగుడు ఐవనే తినాలి. మా యాత్ర వాయిదా పడినప్పుడల్లా ఐవన్ కాస్త లావయ్యేవాడు. "మీరు త్వరగా బయల్దేరకపోతే నాకు కొత్త ప్యాంట్లు కొనాలి," అని అతనే ఒకసారి ఫోన్‌లోకి అరిచాడు.

నోలీన్ బొగ్గులో దిగిన ఆ బుధవారం మధ్యాహ్నం, మ్యాపు పరుస్తూ ఉండగా ఐల్సా మోచెయ్యి దాని మూల మీద పెట్టకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాలుగో మూల లేచి నిలబడింది.

"మా అక్క ఇంట్లో గది ఖాళీగా ఉందట," అంది.

ఐల్సా అక్క ఇసబెల్ ఉండేది టిమరూలో. కొండ అవతల, ఇంకా దక్షిణాన, ఎండిన ఊరు. భర్త పోయి ఒంటరిగా ఉంది. ఐల్సా ఇల్లేమో మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తున ఉంది. గేటునుంచి తలుపు దాకా మెట్లే మెట్లు. ఆమె మోకాళ్ళు సైకిలు తొక్కమంటే ఎంత దూరమైనా తొక్కుతాయి, మెట్లు ఎక్కమంటే మాత్రం ఒప్పుకోవు. పాల సీసా కోసం ఒకసారి కిందికి దిగితే ఆ రోజుకి అదే ప్రయాణం. అక్టోబరు ఆఖర్లో లేబర్ డే సెలవులకి ఇసబెల్ కారేసుకుని వచ్చి తీసుకుపోతుందట.

"టిమరూ చదునుగా ఉంటుంది," అంది నోలీన్. "సైకిలుకి మంచిది."

"అక్కడ వాన పడితే పేపర్లో వేస్తారట," అన్నాడు క్లారీ.

నోలీన్ కెటిల్ ఎత్తి ఐల్సా కప్పులో టీ పోసింది. కప్పు అప్పటికే నిండుగా ఉంది. టీ సాసర్లోకి, సాసర్లోంచి మ్యాపు మీదికి, మ్యాపు మీద వెస్ట్‌పోర్ట్ వైపుకి పారింది. అప్పటికి గానీ ఆమె చూసుకోలేదు.

ఐల్సా ఆ దారిలో ఎన్నోసార్లు వెళ్ళింది. పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట పోటీలకని వెస్ట్‌పోర్ట్ వెళ్ళే జట్టులో ఆమె ఉండేది. కానీ బస్సు కదిలితే నిద్రపోయే మనిషి. రాపహోయ్ దాటకముందే తల కిటికీకి ఆనేది, వెస్ట్‌పోర్ట్‌లో ఎవరో భుజం తట్టి లేపేవాళ్ళు. "ఆ సముద్రమంతా నేను నిద్రలోనే చూశాను," అంది ఆ రోజు, బల్ల తుడుస్తూ. "పోయేలోపు ఒక్కసారి కళ్ళు తెరుచుకుని చూడాలే నోలీన్. సైకిలు మీదైతే నిద్రపోలేను కదా."

"చూపిస్తా," అంది నోలీన్.

ఇక అక్టోబరంతా ఆమె ఆకాశంతో కాపురం చేసింది. పొద్దున్నే పెరట్లో గంబూట్లతో నిలబడి, తడిపిన వేలు పైకెత్తేది. గాలి వాయవ్యం. మర్నాడు వాయవ్యం. మధ్యాహ్నం కాస్త దక్షిణానికి తిరిగేది. సైకిళ్ళు గుమ్మం ముందుకు వచ్చేవి, వ్యాను ఇంజను స్టార్టయ్యేది, గాలి మళ్ళీ మనసు మార్చుకునేది. ఒక్కోరోజు మంచు దిగి వీధి చివర ఏమీ ఉండేది కాదు. సముద్రం ఉందని చప్పుడును బట్టి తెలుసుకోవాలి. ఆ తెల్లదనంలో నోలీన్ పసుపు కోటు ఒక్కటే తేలుతూ కనపడేది. ఐల్సా ఇంట్లోంచి పెట్టెలు ఒక్కొక్కటే మెట్లు దిగి వస్తున్నాయి. క్లారీ మోస్తున్నాడు. ప్రతి పెట్టెకీ నోలీన్ మొహం కాస్త చిన్నబోయేది.

"బారీటౌన్ దాకా వ్యానులో పోయి చూసొద్దామే," అన్నాను నేనొకసారి.

"వ్యానులో నిద్రపోతుంది," అంది నోలీన్.

ఇసబెల్ శనివారం వస్తుందనగా గురువారం మధ్యాహ్నం ఆఖరిసారి మ్యాపు పరిచాం. మా ఊళ్ళో వాన ఆగింది. చూరునుంచి చుక్కలు మాత్రం పడుతున్నాయి. ఐల్సా మోచెయ్యి మళ్ళీ మూల మీదికి వచ్చింది.

"పోనీలేవే," అంది ఐల్సా. "వచ్చే ఏడు వస్తాగా. అప్పుడు పోదాం."

వచ్చే ఏడు అన్న మాట ఎంత తేలిగ్గా అందో, ఆమె కూడా నమ్మలేదని అంత స్పష్టంగా తెలిసింది. నోలీన్ నడవాలోకి వెళ్ళి రోనాకి ఫోన్ చేసింది. ఎంగేజ్‌లో ఉంది. కోళ్ళకు మేత వెయ్యాలని క్లారీ అప్పుడే ఇంటికి వెళ్ళాడు. ఆయన మేత వెయ్యలేదనీ, ఆ కాసేపట్లో రోనాతో మాట్లాడిందెవరో కాదు ఆయనేననీ తర్వాత రోనాయే నాకు చెప్పింది. క్లారీ తిరిగొచ్చి చేతులు పొయ్యి దగ్గర కాచుకుంటూ, "ఇంకోసారి చేసి చూడమ్మా," అన్నాడు.

ఈసారి దొరికింది. నేను నోలీన్ పక్కనే ఉన్నాను.

"రోనా, బట్టలు బయటున్నాయా?"

"ఉన్నాయి," అంది రోనా.

"బయటా?"

"బయటే. పొద్దుట్నుంచీ. దుప్పట్లు కూడా వేశాను."

"దుప్పట్లు కూడానా?"

"ఐవన్ ఉన్ని లాగులు కూడా."

నోలీన్ రిసీవరు చెవికి కాస్త దూరంగా పట్టుకుంది. రోనా గొంతు వెనక ఇంకో చప్పుడు వినపడుతోంది. ఎవరో పెద్ద బస్తాలోంచి బఠాణీలు ఆపకుండా రేకుల మీద పోస్తున్నట్టు. ఆ చప్పుడేమిటో మా తీరంలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. నేను నోలీన్ మొహం చూశాను. ఆమె నా మొహం చూడలేదు. గోడకు తగిలించిన పసుపు కోటు వైపు చూస్తోంది. అనుమానమొస్తే బస్సు తియ్యని మనిషి.

"సరే అయితే," అంది. "రేపు పొద్దున బయల్దేరతాం. ‘పై’ కాల్చి పెట్టు."

రిసీవరు పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. "బారీటౌన్‌లో బట్టలు బయటే ఉన్నాయి," అంది ఐల్సాతో.

ఐల్సా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మ్యాపు మూల ఠక్కున లేచింది. ఈసారి ఎవరూ దాన్ని నొక్కలేదు.

పొద్దున రునాంగాలో చినుకు లేదు. ఆకాశం పాత అల్యూమినియం గిన్నెలా ఉంది. ఐల్సా ఎర్ర టోపీ పెట్టుకుంది. వీధిలోవాళ్ళు గేట్ల దగ్గరికొచ్చి చేతులూపారు. "వెస్ట్‌పోర్ట్‌కేనా?" అని ఎవరో అడిగితే, "ఈసారి నిజం వెస్ట్‌పోర్ట్‌కి," అంది ఐల్సా గర్వంగా. క్లారీ వ్యాను నత్తలా వెనక బయల్దేరింది. నా ఒళ్ళో ఫ్లాస్కు.

రాపహోయ్ హోటల్ ఇంకా తెరవలేదు. క్లారీ దానికేసి చూసిన చూపు తలుచుకుంటే నాకిప్పటికీ జాలేస్తుంది. నైన్ మైల్ దగ్గర తుంపర తగిలింది. "అలల తుంపరే," అంది నోలీన్ వెనక్కి తిరిగి. కాసేపటికి ఆ తుంపర కొండవైపు నుంచి కూడా తగలడం మొదలైంది. తర్వాత పైనుంచి. టెన్ మైల్ వాగు దగ్గరికి వచ్చేసరికి వ్యాను వైపర్లు చేతులెత్తేశాయి. ముందు రెండు రంగులు మాత్రం కనపడుతున్నాయి, ఒక పసుపు, ఒక ఎరుపు. నీళ్ళలో వేసిన రంగుల్లా కలుస్తూ విడిపోతూ పోతున్నాయి.

ఎత్తు మొదలైంది. ఐల్సా ఇంకా తొక్కుతూనే ఉంది. కిందనే పసుపు రంగు ఆగింది. నోలీన్ సైకిలు దిగింది.

"ఎందుకే దిగావు?" ఐల్సా కేకేసింది.

"నాకు మోకాళ్ళు నొప్పి. బొగ్గులో పడ్డానుగా. నువ్వు పోవే."

"నిన్నొదిలేసి నేనెక్కడికి పోతానే!"

ఐల్సా కూడా దిగింది. ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ, భుజాలు తాకేంత దగ్గరగా ఆ ఎత్తు ఎక్కారు. ఏదో మాట్లాడుకుంటున్నారు. వానలో మాకేమీ వినపడలేదు. క్లారీ గేరు మార్చి, కిటికీ అద్దం తుడిచి, మళ్ళీ తుడిచి, "పొగమంచు," అన్నాడు. అద్దం లోపలి వైపు పొగమంచేమీ లేదు మరి, తడి ఆయన కళ్ళదే.

ఎత్తు దిగి ఫోర్టీన్ మైల్ దగ్గర మలుపు తిరుగుతుండగా వాన ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకుంది. మబ్బు కింది అంచు కర్టెన్‌లా పైకి లేచింది. దాని కింద సముద్రం. ఆకుపచ్చగా, పాల నురగతో, ఎక్కడినుంచో ఒక వెలుగు పడుతూ. ఒడ్డుకు దూరంగా నీళ్ళలో నల్ల రాళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. మనం రాకముందు ఏదో మాట్లాడుకుంటూ ఉండి, మనల్ని చూసి ఆపేసినట్టు. కొండమీదినుంచి సన్నని జలపాతాలు, నిన్నటిదాకా లేనివి, రోడ్డు పక్కకు దిగుతున్నాయి. రోడ్డు తడికి మెరుస్తూ, అది కూడా కాసేపు సముద్రంలో భాగమే అయింది.

ఐల్సా కాలు కింద పెట్టి ఆగింది. టోపీనుంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

"ఇదేనా?" అంది.

"ఇదే," అంది నోలీన్.

"నేను నిద్రపోయిన చోటు."

"ఇక్కడికొచ్చేసరికి గురక కూడా పెట్టేదానివట. మీ జట్టువాళ్ళు చెప్పేవాళ్ళు."

ఐల్సా నవ్వలేదు. కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. నేను వ్యాను దిగి ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాను. తాగేలోపు అందులో సగం వాననీళ్ళు పడ్డాయి. మబ్బు మళ్ళీ దిగింది. రాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోయాయి.

"బారీటౌన్ దాటి పోలేం ఈ వానలో," అంది నోలీన్ మెల్లగా. వాన అనే మాట ఆమె నోట నేను విన్నది అదే మొదటిసారి.

"పర్లేదు," అంది ఐల్సా. "వెస్ట్‌పోర్ట్‌కి ఎటూ ప్రతి బుధవారం పోతూనే ఉన్నాంగా."

బారీటౌన్ చదును నేలలోకి దిగేసరికి ఇద్దరూ సైకిళ్ళ మీద ఉన్నారో ఈదుతున్నారో తెలియనంతగా తడిసిపోయారు. నోలీన్ కొత్త కోటు కాలరు దగ్గర నీళ్ళు లోపలికి పట్టుకుని కిందనుంచి వదలకుండా దాచుకుంది. ఆమె దిగినప్పుడు అవన్నీ ఒక్కసారి విడుదలయ్యాయి. కోటు గట్టితనం మీద క్లారీ ఒక మాట అనబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

రోనా పెరట్లో గుండ్రంగా తిరిగే దండెం ఉంది. ఆ దండెం మీద దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండుగలీబులు, ఐవన్ ఉన్ని లాగులు. నీళ్ళ బరువుకు గడ్డిని తాకేంత కిందికి వేలాడుతున్నాయి. గాలికి దండెం మెల్లగా, ఎంతో హుందాగా తిరుగుతోంది. లాగుల కాళ్ళనుంచి రెండు ధారలు కారుతున్నాయి.

రోనా ఏప్రన్‌తో వసారాలో నిలబడి ఉంది. మొహంలో ఏమీ లేదు.

"రండి రండి," అంది. "ఇక్కడ కాస్త తేమగా ఉంది."

వెనక ఐవన్ ‘పై’ ఉన్న గిన్నె పట్టుకుని, మేం నిజంగా వచ్చామా అన్నట్టు మమ్మల్ని ఒక్కొక్కరినీ లెక్కపెడుతున్నాడు.

ఐల్సా సైకిలు కంచెకు ఆనించింది. ఒక బూటు విప్పి తలకిందులు చేసింది. నీళ్ళు చాలాసేపు కారాయి. ఆమె దండెం వైపు చూసింది, ఐవన్ లాగుల వైపు చూసింది, నోలీన్ వైపు తిరిగింది. నడుము మీద చెయ్యి పెట్టుకుంది. ఆ ఎర్ర టోపీ కింద ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. గొంతు మాత్రం పోట్లాటదే.

"నోలీన్! బట్టలు బయటున్నాయన్నావు కదే!"

"ఉన్నాయిగా, ఆరాయని అన్నానా?"